చారల తువ్వాలా, నా ఫ్రెంచి పాండిత్యమూ

శామీర్‌పేట చెరువు మీద ఒక తెప్ప, ఆ తెప్ప మీద ఇద్దరు మనుషులు. నేను నోరు తెరవక ముందు దృశ్యం ఇది. నేను నోరు తెరిచాక అదే చెరువు మీద రెండు తెప్పలు, ఒక్కో తెప్ప మీద ఒక్కో మనిషి, ఒకరికొకరు వీపులు చూపించుకుంటూ. ఇలా తొమ్మిదేళ్లు. మధ్యలో తుఫాను రాలేదు, కట్ట తెగలేదు. ఈ ప్రళయమంతా నా ఫ్రెంచి భాషా పాండిత్యం ఒక్కటే చేసింది. ఇంకెవరైనా చెబితే తగ్గించి చెబుతారన్న భయంతో నేనే చెప్పుకుంటున్నాను.

తొంభైల చివరి సంగతి. నాకు పాతికేళ్లు. తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో ఉద్యోగం. గాజు సీసాల పెట్టెలు దించుకుని బీరువాల్లో సర్దడం నా పని. ఊళ్లో మాత్రం సైంటిస్టునని చెప్పుకునేవాణ్ణి. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే గుణం నాకు పుట్టుకతో రాలేదు, తర్వాతా పట్టుబడలేదు. మా అవ్వ చేసిన కొర్రమట్టల పులుసు గురించి ఒకసారి అలియాబాద్ చౌరస్తా హోటల్లో గంటసేపు వర్ణించాను. జానెడు చేప నా నోట్లో బారెడైంది. వింటున్నవాళ్ల చాయ్‌లు చల్లారిపోయాయి. హోటలాయన పకోడీలు మాడ్చుకున్నాడు. అలాంటి నోరు నాది.

ఆ ల్యాబులో ఏదో మిషను బిగించడానికి ఫ్రాన్సు నుంచి ఒక ఇంజనీరు వచ్చి నెలరోజులున్నాడు. ఆయన దగ్గర నేను మూడు ఫ్రెంచి మాటలు నేర్చుకున్నాను. ఒకటి నమస్కారం, రెండోది థాంక్సు, మూడోది ఆయన కాలిమీద నేను పెట్టె పడేసినప్పుడు అన్నది. దాని అర్థం ఇప్పటికీ తెలీదు గానీ, బాగుండి ఉండదు. పోతూ పోతూ ఆయన నా చేతిలో ఒక వీడియో క్యాసెట్టు పెట్టి పోయాడు. పాత ఫ్రెంచి దొంగల సినిమా. నలుపూ తెలుపూ. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా లేవు.

మేడ్చల్ నుంచి వీసీఆర్ కిరాయికి తెచ్చి, ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రదర్శన పెట్టాను. ప్రేక్షకుల్లో ముఖ్యులు ముగ్గురు: మా అవ్వ, మా పక్కింటి పెంటయ్య మామ, ఆయన జోడీ యాదయ్య కాక. మామా కాకా ఇద్దరూ చెరువులో చేపలు పట్టేవాళ్లు. ముప్పై ఏళ్లుగా ఒకే తెప్ప. కాక తెడ్డు వేస్తే మామ వల విసిరేవాడు. నీళ్ల మీద వాళ్లకి మాటలతో పనే లేదు. మామ భుజం కదిలిందంటే కాక తెప్ప తిప్పేసేవాడు.

ఆ ఏడాదే వాళ్లకో చిక్కు వచ్చింది. వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వల వెయ్యకూడదని చేపలవాళ్ల సంఘం కట్టుబాటు. మామ ఒకనాడు ఆశకొద్దీ వేశాడు. ఎవరో సంఘానికి చేరవేశారు. దసరా దాకా చెరువులో దిగొద్దని మామకి శిక్ష వేశారు. ఆ రోజు జ్వరంతో ఇంట్లో పడుకున్న కాకకి శిక్ష లేదు. తనని పట్టిచ్చిందెవరన్న ముల్లు మామ గొంతులో అలాగే ఉంది. ఇదీ ఆ ఆదివారం నాటి వాతావరణం. నేను అందులో టీవీ ఆన్ చేశాను.

సినిమా మొదలైంది. ఒకాయన పొడుగు కోటు, టోపీ. వాన కురుస్తోంది. ఆయన గదిలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. అయ్యా, ఎంతసేపు కట్టుకుంటాడండీ! మన సినిమాలో అయితే ఈపాటికి హీరోకి పెళ్లై పిల్లలు బడికి పోయేవాళ్లు. కిటికీకి ఒక చారల తువ్వాల ఆరేసి ఉంది. కెమెరా దాన్ని కాసేపు చూసింది, మేమూ చూశాం.

"పిల్లగాడు ఏమన్న తిన్నడా?" అంది అవ్వ.

"ఏమంటున్నడు అల్లుడా?" అన్నాడు మామ.

అక్కడ నేను "నాకు తెలీదు మామా" అని ఉంటే ఈ కథ లేదు. మూడు మాటల పండితుణ్ణి గొంతు సవరించుకున్నాను. "చెల్లె పెండ్లి గావాలె, ఆఖరి దొంగతనం జేస్త, ఇగ మానేస్త అంటున్నడు." నిజానికి ఆయన నోరే విప్పలేదు. లేసులు కడుతున్నాడు.

అక్కణ్ణుంచి నాకు పూనకం వచ్చింది. వాళ్లు ఒక మాటంటే నేను పది చెప్పాను. ఫ్రెంచి పోలీసు చేత "చట్టం ముందర అందరం ఒక్కటే" అనిపించాను. చాయ్ పోసే ఆడమనిషిని హీరోకి మేనమరదల్ని చేశాను. అవ్వ కళ్లు తుడుచుకుంది. మామ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంతలో ఒక బట్టతలాయన, హీరో దోస్తు, వానలో పరిగెత్తుకుంటూ ఫోను డబ్బాలోకి దూరాడు. అటూ ఇటూ చూశాడు. నంబరు తిప్పాడు. ఎక్కడో ఖాళీ గదిలో ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ తిప్పాడు. తర్వాతి సీనులో పోలీసులు హీరోని చుట్టుముట్టారు.

నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను. "పట్టిచ్చిండు! బట్టతలోడు పోలీసోళ్లకు ఫోన్ జేసిండు! పక్కన కూసున్నోడే పట్టిస్తడు మామా, దూరపోనికి ఏం ఎర్క?"

ఆ డైలాగు నా సొంతం. రాగానే నాకే ఒళ్లు పులకరించింది.

అప్పటిదాకా మాట్లాడని యాదయ్య కాక మెల్లగా అన్నాడు: "గట్ల గాదేమో బిడ్డా. గా ఫోన్ మోగింది టోపీ ఆయన అర్రల గదా? చారల తువ్వాల కనపడ్డది. రాకు అని చెప్పనీకి జేసినట్టుంది. ఆని చెయ్యి చూడు, ఎట్ల వణుకుతాందో. మోసం జేసెటోని చెయ్యి గట్ల వణుకుతదా?"

నా పాండిత్యానికి దెబ్బ తగిలింది. అందరి ముందూ. చేపలు పట్టే మనిషి ఒక సైంటిస్టుకి ఫ్రెంచి నేర్పడమా?

"ఫ్రాన్సుల అందరి ఇండ్లల్ల చారల తువ్వాలలే ఉంటయి కాకా! అయినా ఫ్రెంచి నీకొస్తదా, నాకొస్తదా?"

"నాకు రాదు బిడ్డా," అన్నాడు కాక.

"మరి ఊకో."

ఊరుకున్నాడు. కానీ పెంటయ్య మామ తల మెల్లగా తిరిగింది, టీవీ వైపు నుంచి కాక వైపుకి.

"గా దినం జరమంటివి గదరా యాదీ?"

"జరమే ఉండె."

"బట్టతలోడు గూడ గిట్లనే ఏదో సాకు చెప్పిండు గదా అల్లుడా?"

పాఠకులారా, దేవుడు మనిషికి మూతికి రెండు పెదవులిచ్చింది ఇలాంటి వేళ మూసుకోవడానికే. నేనేం చేశానో చూడండి. సినిమా కథ నా చేతిలో ఉందన్న మత్తులో, "అవు మామా, అచ్చం గిట్లనే అన్నడు. జరం వచ్చిందన్నడు," అని చెప్పేశాను.

కాక లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

"పోనీ," అన్నాడు మామ. "నువ్వు సిన్మా చెప్పు."

చెప్పాను! ఆఖరి సీనులో పోలీసు బండి హీరోని తీసుకుపోతుంటే బట్టతలాయన వానలో నిలబడి ఉంటాడు. హీరో ఉమ్మేస్తాడు. ఈయన ఒక్క మాటా అనడు. "సిగ్గుతోని నోట మాట వస్తలేదు," అని ముగించాను.

దసరా వెళ్లాక మామ చెరువులోకి కొత్త తెప్పతో దిగాడు, ఒంటరిగా. పాత తెప్ప మీద కాక, ఒంటరిగా. తెడ్డు వేస్తే వల వెయ్యలేరు, వల వేస్తే తెప్ప గింగిరాలు తిరుగుతుంది. గట్టు మీంచి చూసేవాళ్లు నవ్వేవారు. మొదట్లో నేనూ నవ్వాను.

సినిమా సంగతి చెప్పాలి. దాన్ని మా ఇంట్లో ఎన్ని ఆదివారాలు వేశామో! రంగుల్లేవు, పాటల్లేవు, భాష అసలే లేదు. అయినా జనం మళ్లీ అదే వెయ్యమనేవాళ్లు. ఎందుకో ఒకసారి మామే చెప్పాడు: "గాలమేసి కూసున్నట్టు ఉంటది అల్లుడా. ఏం గాదు, ఏం గాదు. గని లేవబుద్ధి గాదు." ప్రతి ఆటలోనూ చారల తువ్వాల కిటికీకి వేలాడుతూనే ఉండేది. దాన్ని దాటేసి నేను డైలాగులు చెబుతూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి కాక ఇంటికి వెళ్లి పిలిచాను కూడా. "మీ సిన్మా మీరు సూడుండ్రి బిడ్డా," అన్నాడు, వల ముడులు సరిచూసుకుంటూ.

తొమ్మిదేళ్లు గడిచాయి. నాకు పెళ్లైంది, పొట్ట వచ్చింది, వీసీఆర్‌లు పోయాయి. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన అదే టోపీ, అదే కోటు! సీడీ అట్ట మీద "ఇంగ్లీషు అక్షరాలతో" అని ఉంది. ఇంటికి తెచ్చి ఒక్కణ్ణే కూర్చుని చూశాను. హీరోకి చెల్లెలు లేదు. చాయ్ పోసే ఆవిడ మేనమరదలు కాదు, ఆయన్ని చాయ్ తాగిన గ్లాసు ఇచ్చెయ్యమంటోంది. పోనీ, ఇవన్నీ క్షమించొచ్చు. బట్టతలాయన ఫోను డబ్బాలోకి దూరాడు. కింద అక్షరాలు పడ్డాయి: "ఎత్తు, ఒరేయ్, ఎత్తు. ఇంట్లోంచి కదలకు." ఖాళీ గదిలో ఫోను మోగుతోంది. కెమెరా తాపీగా కిటికీ దగ్గరికి వెళ్లి చారల తువ్వాల మీద ఆగింది. నాలాంటి మొద్దు వెధవ ఒకడు పుడతాడని ఆ దర్శకుడికి ముందే తెలిసినట్టు, అక్కడే ఆగి ఉంది.

మర్నాడే ఇద్దరికీ కబురు పంపాను. అవ్వకి బాగాలేదు, చూడాలంటోంది అని. అవ్వ మంచం మీద దుప్పటి కప్పుకుని మూలుగుతూ నాకంటే బాగా నటించింది. మామ మోకాళ్ల నొప్పులతో కర్ర పట్టుకుని వచ్చాడు. కాక కంటి ఆపరేషను నల్లద్దాలతో వచ్చాడు. ఒకరినొకరు చూసుకుని వెనుదిరగబోతే అవ్వ లేచి కూర్చుంది. "కూసుండుండ్రి ఇద్దరు! పోరడు ఏదో సూపిస్తడట."

నేను సీడీ పెట్టి, "ఈసారి కింద రాసింది సదివి చెప్త మామా," అన్నాను.

"నువ్వు నోరు దెరిస్తే టీవీ పగులుతది," అన్నాడు మామ.

నోరు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి మా ఇంట్లో ఆ సినిమా జనం ముందు నా మాటల్లేకుండా నడిచింది. వాన చప్పుడు వినిపించింది. లేసులు బిగించే చప్పుడు కూడా ఉందని అప్పుడే తెలిసింది. ఫోను మోగింది. తువ్వాల కనిపించింది. మామ ముందుకి వంగాడు.

"యాదీ... గా తువ్వాల..."

"ఊఁ," అన్నాడు కాక.

"గన్నిసార్లు సూస్తి గదరా. ఈని గొంతే ఇనపడె, తువ్వాల కనపడకపోయె."

బట్టతలాయన వానలో నిలబడ్డాడు. హీరో ఉమ్మేశాడు. ఈయన ఏమీ అనలేదు. సినిమా అయిపోయింది. మామ అడిగాడు: "మరి గప్పుడు సంఘంల చెప్పింది ఎవలురా?"

కాక కండువా సర్దుకున్నాడు. నాకు ధర్మావేశం వచ్చింది. తొమ్మిదేళ్ల పాపం కడుక్కునే అవకాశం కదా! "చెప్పు కాకా! ఎర్కుంటే చెప్పు! గా ద్రోహి ఎవడో ఇయ్యాల తేలాలె!"

కాక నల్లద్దాలు నా వైపు తిరిగాయి. "నువ్వే బిడ్డా."

"నేనా?"

"పెంటయ్య తెచ్చిన కొర్రమట్టలు మీ అవ్వ పులుసు జేసింది. మర్నాడు నువ్వు చౌరస్త హోటల్ల మా పెంటయ్య మామ తెచ్చిన బారెడు చేపలని చెప్తివి. పక్క బల్ల మీద సంఘం సెక్రటరీ చాయ్ తాగుతుండె. గా వారమే నాకు ఆయననే చెప్పిండు."

గోడ గడియారం ఆగిపోతే బాగుండుననిపించింది. అది ఆగలేదు. "మరి గప్పుడే చెప్పకపోతివేంది కాకా?"

"ఎట్ల చెప్త? పెంటిగాని కోపం నాకెర్కలేదా? నా తెడ్డు గుంజుకొని నిన్ను కొడ్తుండె. నువ్వు పెండ్లి గావాల్సిన పిల్లగానివి."

మామ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. కర్ర ఆనించి లేవబోయాడు. మోకాళ్లు సహకరించలేదు. "యాదీ, తెడ్డు ఉందారా ఇంకా?" అన్నాడు. "చీకిపోయింది," అన్నాడు కాక. ఇద్దరూ నవ్వారు. అవ్వ కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఇద్దరూ సాయంత్రాలు చెరువు కట్ట మీద కూర్చునేవాళ్లు, పక్కపక్కనే, ఏమీ మాట్లాడకుండా. కానీ మళ్లీ ఒకే తెప్ప ఎక్కలేదు. ఎక్కగలిగిన ఏళ్లన్నీ నేను డైలాగులు చెబుతూ తినేశాను. వాటికి వాళ్లు నన్ను లెక్క అడగలేదు. అడిగి ఉంటే కొంచెం తేలికయ్యేది.

కాబట్టి శామీర్‌పేట చెరువు సాక్షిగా, ఆ సినిమా కిటికీకి వేలాడే చారల తువ్వాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ సినిమాలోనూ, అది తెలుగైనా సరే, పక్కసీటులోంచి మా ఆవిడ "వాడెవడండీ?" అని మోచేత్తో పొడిచినా సరే, నేను నోరు విప్పను. ఇక హోటల్లో ఎవరైనా "ఏం గూర తిన్నవే?" అని అడిగితే, మూతికి ఇంకా చేపల పులుసు వాసన వస్తున్నా, నా జవాబు ఒకటే.

పప్పు.