ఖాళీ కుర్చీ ముందు హారతి

మొన్న మెదక్‌లో, చర్చికి పోయే దారిలో ఉన్న కంటి దవాఖానలో, మా బావ శుక్లం ఆపరేషను చేయించుకుని కంటికి పట్టీతో మంచం మీద కూర్చుని ఉంటే, ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, ఎదురుగా స్టూలు మీద తల వంచుకుని, చేతిలోని ఫోనుతో హైదరాబాదులో ఉన్న తన ఆఫీసు కంప్యూటరును నడుపుతూ ఉంది. ఇక్కడ వేలు జరిపితే అక్కడ తెర మీద బాణం గుర్తు జరుగుతుంది, ఇక్కడ అక్షరం నొక్కితే అక్కడ ప్రోగ్రాములో పడుతుంది. నర్సు పట్టీ విప్పడానికి వస్తోంది. బావ రెండో కన్ను ఇంకా మసకే కనుక, కొత్త కంటికి మొట్టమొదట కనబడబోయేది కూతురి పాపిట. “తలెత్తు బిడ్డా” అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను కక్షలు పెట్టుకునే మనిషిని కాను. నా దగ్గర ఉన్నది ఒకటే కక్ష, దాన్నే పదిహేనేళ్లుగా జాగ్రత్తగా వాడుకుంటూ వస్తున్నాను.

చదువు అయిపోగానే నన్ను హైదరాబాదులో తాను మేనేజరుగా ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేర్పించింది ఈ బావే. ఉద్యోగం ఇప్పించినవాడు అక్క మొగుడైతే ఆ ఉద్యోగానికి సెలవులుండవని మన తరంవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. కుర్చీలో మనిషి కనబడితేనే పని జరుగుతున్నట్టని ఆయన సిద్ధాంతం. ఆ మనిషి కునికినా అభ్యంతరం లేదు, కుర్చీలో కునికితే చాలు.

ఆ రోజుల్లోనే మా బాపుకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఎదురుగా వచ్చేది మనిషో ఎద్దో నడక విని చెప్పేవాడు, అదీ చాలాసార్లు సరిగ్గానే. మొదటి కంటికి ఆపరేషనైన రోజు ఆయన కోరిందల్లా ఒకటే. “పట్టీ ఇప్పంగనె మొదలు నా కొడుకు మొఖమే సూడాలె” అని వార్డులో ఉన్న ప్రతి మంచానికీ వినబడేలా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఇంకో గంటలో పట్టీ విప్పుతారనగా బావ ఫోను చేశాడు. నా కంప్యూటరులో పని ఆగిపోయిందట, వెంటనే రమ్మన్నాడు. గంట ఆగమన్నాను. “పట్టీ నర్సు ఇప్పుతది గని, నువ్వు ఇప్పుతవా? జల్ది బస్సెక్కు” అన్నాడు. ఎక్కాను. సగం దారిలో తూప్రాన్ దాటేవరకు దిగిపోదామనే అనుకున్నాను, దాటాక ఇక అనుకుని లాభం లేకపోయింది. ఆఫీసుకు చేరి చూద్దును కదా, తెర మీద కంప్యూటరు ఒకే ఒక్క ప్రశ్న వేసి కూర్చుంది, ముందుకు పొమ్మంటారా అని. ఒక్క మీట నొక్కాను, పోయింది. ఆ మీట బావే నొక్కవచ్చు. కానీ ఒకరి కంప్యూటరు మరొకరు ముట్టకూడదని నియమం పెట్టింది కూడా ఆయనే.

బాపు మొదట చూసింది కాంపౌండరును. “మంచి మొఖమే, మీసం జర వంకర” అని నెలల తరబడి చెప్పుకున్నాడు. పాపం ఆ కాంపౌండరు మీద కూడా కొంతకాలం కోపం పెట్టుకున్నాను.

ఆ తర్వాత నేను పగను పద్ధతిగా మొదలుపెట్టాను. పెద్ద తెర ఉన్న ఫోను కొన్నాను. పెద్దదంటే అప్పటి లెక్కన, అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది. అందులో నా ఆఫీసు కంప్యూటరు కనబడే ఏర్పాటు చేసుకున్నాను, అక్షరాలు చీమల్లా కనబడేవి. సెలవు రోజుల్లో మెదక్ బస్టాండులో సాధన చేశాను. ఏడుపాయల గుడి దగ్గర మంజీర ఒడ్డున ఒకే ఒక్క బండ మీద సిగ్నల్ అందేది, అక్కడ నిలబడి కూడా చేశాను. దర్శనానికి వచ్చినవాళ్లు నేనేదో మొక్కు తీర్చుకుంటున్నాననుకుని పక్కనుంచి తప్పుకుని పోయేవారు. వాళ్లు అనుకున్నదాంట్లో పెద్ద తప్పు లేదు.

బాపు రెండో కంటి పట్టీ విప్పే రోజూ, దసరా ముందు మా ఆఫీసులో ఆయుధపూజ రోజూ ఒకటే అయ్యాయి, వేళ కూడా పొద్దున పది గంటలే. బాపు ఏమో కన్ను కన్నుకూ ముహూర్తం వేరని, ఇదివరకు బాగైన కన్ను అరచేత్తో మూసుకుని మరీ చూస్తానని ముందే ప్రకటించాడు. యజమాని వస్తున్నాడు, ఒక్క కుర్చీ ఖాళీగా ఉండరాదని బావ హుకుం. నేను చెప్పాపెట్టకుండా కంప్యూటరు వెలిగించి ఉంచి మెదక్ వచ్చేశాను.

అక్కడ జరిగింది పక్క కుర్చీ స్నేహితుడు తర్వాత పూసగుచ్చినట్టు చెప్పాడు. కంప్యూటర్లన్నిటికీ కుంకుమ బొట్లు, బంతిపూల దండలు. బావ హారతి పళ్లెంతో నా కుర్చీ దగ్గరికి వచ్చి యజమానితో, “సూడుండ్రి సార్, మనిషి లేడు, పని బంద్” అన్నాడట. సరిగ్గా అప్పుడే బంతిపూల దండ చాటునుంచి బాణం గుర్తు మెల్లగా పాక్కుంటూ బయటికి వచ్చింది. ఫైళ్లు తెరుచుకున్నాయి. అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి. బావ గాలి సోకిందనుకున్నాడో, అమ్మవారే పూనిందనుకున్నాడో, రెండింటికీ పనికొస్తుందని హారతి ఇంకోసారి తిప్పి, గుమ్మానికని తెచ్చిన గుమ్మడికాయను నా కుర్చీ ముందే కొట్టించాడు. యజమాని ఎదురుచూస్తున్న పని ముగించి నేను తెర నిండా పెద్ద అక్షరాలతో రాశాను, “బావా, పని అయింది. బాపు దగ్గర ఉన్న.” యజమాని పడీ పడీ నవ్వి, “మనిషి లేకున్నా నడుస్తుంది కదయ్యా నీ ఆఫీసు!” అన్నాడట. అంతటితో బావ సిద్ధాంతం కాలధర్మం చెందింది.

ఇక్కడ మెదక్‌లో నేను ఫోనులోకి చూసి నవ్వుకుంటూ ఉండగా పైనుంచి ఒక గొంతు వినబడింది. “నడినెత్తిన ఎంట్రుకలు ఊడుతున్నయ్ బిడ్డా.” పట్టీ ఎప్పుడు విప్పారో నాకు తెలియదు. బాపు ఒక అరచేత్తో బాగైన కన్ను మూసుకుని, కొత్త కన్నుతో నా నెత్తిని శ్రద్ధగా చూస్తున్నాడు. తర్వాత నేను ముఖం ఎత్తాను. కానీ మొదటిది మొదటిదే కదా. తప్పు నాదేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కక్ష ఊరుకోదు, దాన్ని కూడా బావ పేరనే జమకట్టాను.

అందుకే మొన్న నేను నోరు విప్పలేదు. నర్సు పట్టీ తీసింది. బావ రెప్ప ఆర్పి, కూతురి పాపిటను చూశాడు. ఆయన ముఖంలో ఒక్క ముడుత కోసం ఎదురుచూశాను. ఆయన ముందుకు వంగి, “ప్రోగ్రాం రన్ అయిందా బిడ్డా?” అన్నాడు.

“ఇగో డాడీ, అయిదు నిమిషాలు,” అంది పిల్ల, తల ఎత్తకుండానే.

“కానీ, కానీ,” అని తృప్తిగా వెనక్కి వాలి, నా వైపు తిరిగాడు. “నువ్వేంది బామ్మర్దీ, గట్ల సూస్తున్నవ్?”

పదిహేనేళ్లు దాచుకున్న పగ అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. మన రోజుల్లో బస్సు తూప్రాన్ దాటి ఇటు వచ్చిందంటే ఆఫీసు అక్కడే ఆగిపోయేది, పిలిస్తే మనమే వెనక్కి పోవాలి. ఇప్పుడది జేబులో కూర్చుని దవాఖానకూ మంజీర ఒడ్డుకూ వెంట వస్తోంది, దాన్ని ఇంత దూరం మోసుకొచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా, ఎదురుగా ముఖం కనబడలేదని నొచ్చుకునే మనిషి ఉంటేనే కదా పగకైనా ఒక విలువ. అలాంటి మనిషి మా ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. ఆయనకు నేను నడినెత్తి చూపించాను.