పక్కకు జరగమనే మనిషి

నెలకొకసారి ధర్మవరం నుంచి ఒకాయన మా ముదిగుబ్బ స్టేషనుకు వస్తాండేవాడు. పొద్దున బండికి దిగి సాయంత్రం బండికి పోతాండేవాడు. ఎవరినీ కలిసేదానికి కాదు, స్టేషను ఫోటోలు తీసేదానికి. బండ్లు లేనప్పుడు పాత రైళ్ల టైముల పుస్తకం చదువుకుంటాండేవాడు. అరవై దాటినాక అక్షరాలు నేర్చినోణ్ణి, ఆ పుస్తకంలో చదివేదానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆయన ఫోటోలో మనిషి పడకూడదు. కెమెరా కంటికి పెట్టుకొని ఎడమచెయ్యి ఊపుతాండేవాడు, పక్కకు జరగమని. నా పెండ్లాం ఆడనే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చొని ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముతాండేది.

“ఏమప్పా, నేనుంటే నీ స్టేషనుకు దిష్టి తగుల్తాదా?” అనుకుంటా లేస్తాండేది.

“రవ్వంతసేపు అవ్వా.”

పోయిన ఎండాకాలం ఆమె చచ్చిపోయింది. ఆధార్ కార్డులో ఉండే బొమ్మ ఆమె మాదిరి లేదు. ఇంకో ఫోటో ఇంట్లో లేదు. అందుకే ఆయన వచ్చినప్పుడు అడిగినా, “నీ దాంట్లో యాడన్నా పడిందేమో చూడప్పా” అని.

ఆయన ఆ బెంచీ మీదే కూర్చొని కెమెరాలో గంటసేపు వెతికినాడు. పట్టాలుండాయి, పసుపు బోర్డుండాది, ఆమె లేదు. చివరికి ఖాళీ బెంచీ ఫోటో ఒకటి చూపించినాడు.

“ఇది తీసేటప్పుడు అవ్వ నా వెనకాలే ఉండె తాతా. నా సంచి పట్టుకొని నిలబడుండె.” ఆయన తలెత్తలేదు.

“సరే, అదే ఇయ్యప్పా” అన్నా.

మళ్లీ నెల పెద్దది చేయించి తెచ్చినాడు. గోడకు మేకు కొట్టి తగిలించినా. దండ ఆ బెంచీకే వేసినా.