ఊపిరి ఉంచారు, పేరు తీసేశారు

మునవ్వర్ తన భార్య తాజ్‌బీని పేరు పెట్టి పిలవగా అమ్రాబాద్‌లో ఎవరూ వినలేదు. "రుబీనా అమ్మా" అనేవాడు. కూతురు పుట్టకముందు "ఏయ్, ఇంటున్నవా" అనేవాడు. తాజ్‌బీ కూడా ఆయన పేరు నోట పలికేది కాదు. మా దగ్గర పాతకాలపు ఆలుమగలందరిదీ అదే వరస.

ఊరి బయట గుట్ట మీద పాత దుర్బిణి బంగళా ఉండేది, నక్షత్రాలు చూడడానికి ఎప్పుడో కట్టించింది. మునవ్వర్ అక్కడ మోకు లాగే పనివాడు. మోకు లాగితే ఇనుప గోపురం చక్రాల మీద గరగరా తిరిగి, దుర్బిణికి కావలసిన వైపు ఆకాశం తెరుచుకునేది. పగలు యంత్రాలు తుడిచి నూనె పెట్టేవాడు. కల్వకుర్తి నుంచి కోడలిగా వచ్చిన తాజ్‌బీ పల్లీ చేలల్లో కూలి చేస్తూనే, మధ్యలో గుట్టెక్కి ఆయనకు సద్ది ఇచ్చి వచ్చేది. ఆమె బతుకంతా ఆ ఎక్కడం దిగడంలోనే పోయింది. గుట్ట కింద టీ బండి నాదే కాబట్టి ఇద్దరినీ రోజూ చూసేవాణ్ణి. తర్వాత బంగళా మూతపడితే మునవ్వర్‌ను కాపలాకు ఉంచారు.

2006లో పట్నం నుంచి ఒక మేడమ్ మైకులతో దిగింది. పాత యంత్రాల చప్పుళ్లు పట్టుకుని, వాటితోనే వాటి చరిత్ర వినిపిస్తుందట. గడియారం టకటక, పళ్లచక్రాల కిర్రు, గోపురం గరగర, దేన్నీ వదల్లేదు. ఎవరూ మాట్లాడొద్దని చెప్పి, గుట్టెక్కి చాయ్ తెచ్చిన నా గ్లాసుల చప్పుడు కూడా ఆపించింది. సరే, నోరు మూసుకున్నాం.

మేడమ్ కోసం మునవ్వర్ మళ్లీ మోకు లాగుతున్నాడు. సద్ది తెచ్చిన తాజ్‌బీ గోడ పక్కన నిలబడింది. ఆమె నెత్తి మీదే, గడియారాన్ని నడిపే ఇనుప గుండు కొక్కెం నుంచి జారింది. మునవ్వర్ గట్టిగా ఊపిరి పీల్చాడు.

"తాజూ, హట్ జా!"

ఆమె పక్కకు దూకింది. గుండు ఆమె నిలబడ్డ చోటే పడి కింద బండ పగిలింది.

మేడమ్ హడలిపోయింది. తాజ్‌బీ మాత్రం అందరి ముందు పేరు బయటపడిందని కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంది. "ఏంది భాయ్, ఇంట్ల తాజూ అంటవా" అని నేను ఆటపట్టిస్తే, "చుప్, పోయి చాయ్ పెట్టు" అన్నాడు మునవ్వర్. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మరుసటి వానాకాలం ఛాతీ జబ్బుతో నాగర్‌కర్నూల్ దవాఖానలో పోయాడు. కొన్నాళ్లకు తాజ్‌బీ నా బండి దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, ఆ మేడమ్ మిషన్ల ఆయన గొంతు ఉంటది గద. తాజూ అనేటోళ్లు ఇంక నాకెవరున్నరు? ఒక్కసారి ఇంటే చాలు."

వనపర్తిలో ఆ మేడమ్ ప్రదర్శన ఉందని తెలిసి ఆమెను బస్సెక్కించి తీసుకుపోయాను. చీకటి చేసిన హాలు, చుట్టూ స్పీకర్లు, ముందు వరసల్లో ఇస్త్రీ బట్టల వాళ్లు. గడియారం మోగింది, గోపురం తిరిగింది. తాజ్‌బీ కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది. మునవ్వర్ ఊపిరి పీల్చిన శబ్దం వినబడింది. వెంటనే గుండు ధన్‌మని పడింది. మధ్యలో ఏమీ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

మేడమ్‌ను పట్టుకుని అడిగాను.

"మనుషుల గొంతులు డిస్టర్బెన్స్ కదండీ, క్లీన్ చేసేశాం. ఇది యంత్రాల చరిత్ర."

"జర ఆ మాట ఉన్న ముక్క నాకియ్యి బిడ్డా" అంది తాజ్‌బీ.

"ఒరిజినల్ ఉంచలేదమ్మా. కానీ ఆ ఊపిరి ఉంచాను, విన్నారా? గోపురమే ఊపిరి తీసుకున్నట్టు ఎంత బాగుందో."

నాకు ఒళ్లు మండిపోయింది. జీవితమంతా మోకు లాగిన మనిషి ఊపిరిని ఇనుముకు కట్టబెట్టి, ఆ మనిషిని చెత్తలా ఊడ్చేశారు. ఏం చరిత్రో, ఏం పాడో. "పోదాం పా వదినా, ఈడేముంది మనకు" అన్నాను.

ఆమె కదలలేదు. చప్పుళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలయ్యాయి. టకటక, కిర్రు, గరగర. ఊపిరి వచ్చింది.

"తాజూ" అంది ఆమె, తనే.

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టుకుని "ష్" అన్నాడు.