పరగడుపు రక్తం

ఈ ఉదయం నిజామాబాదులోని ఒక ల్యాబులో నా మోచేతి మడత మీద స్పిరిట్ దూది చల్లగా తగిలింది. ఎముకల పరీక్ష. రక్తం తీసే అమ్మాయి పేరు అడిగింది, వయసు అడిగింది, సూది అందుకుంది. అడగాల్సిన మరో మాట అడగలేదు. అడక్కపోతేనే బాగుండునని నాకూ అనిపించింది. ఆ మాట సుగుణక్కది.

బోధన్ ల్యాబులో నేను పనిచేసే రోజుల్లో, రక్తం తీసే ఈ పని నాకు నేర్పింది సుగుణక్కే. ఆమె ఆదివారం చర్చికి పోయే మనిషి. నేను సాయంత్రాలు బోధన్ పక్క ఊళ్ళ సభల్లో దేవుణ్ణీ దయ్యాన్నీ కలిపి ఏకేవాణ్ణి. "దేవుడు లేడన్న సారొచ్చిండు, కుర్సీ ఎయ్యుండ్రి" అని నవ్వేది.

లచ్చవ్వ చెరకు కొట్టే కూలి. పొలం గట్టు మీద జారి మణికట్టు విరిగింది. ఎముక గట్టిపడటానికి డాక్టరు వారానికొక గోలీ రాశాడు. ఆమె దండచేతికి తాయత్తు ఉంది. వాదించి వాదించి తెంపించాను. మూడు నెలలకు, ఎముక ఎంత వేగంగా కరుగుతోందో చెప్పే రక్తపరీక్ష నేనే చేస్తే అంకె సగానికి పడింది. ఆ కాగితాన్ని సభలో ఊపాను. "తాయత్తు తెగింది, ఎముక నిలిచింది!" చప్పట్లే చప్పట్లు.

మర్నాడు అక్క రిజిస్టరు చూసింది.

"పదకొండింటికి తీసినవ్. తిని వచ్చిందా?"

"తెల్వదక్కా."

"తింటే ఆ అంకె పడిపోతది. మందు పనిచేసినట్టే కనవడ్తది."

లచ్చవ్వను మొదటి బస్సుకు పరగడుపున రప్పించింది. ఈసారి అంకె మందుకు ముందున్న చోటే ఉంది.

"గోలీ ఎట్ల ఏసుకుంటున్నవ్ అవ్వా?"

"చాయ్‌తోని బిడ్డా. ఉత్త నీళ్ళకు గొంతు దిగుతదా?"

చాయ్‌తో వేసుకుంటే ఆ మందు ఒంటికి పట్టదు. మూడు నెలల పాటు ఆ ముసలి ఎముక కరుగుతూనే ఉంది, నేను అదే ఎముక పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

"తాయత్తు కట్టెటోడు గూడ ఏం అడగడు తమ్మీ," అంది అక్క మెల్లగా. "నువ్వు గూడ అడగలే."

తిట్టినా బాగుండేది. తరువాతి సభలో లేచి నా తప్పు చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్క ఇప్పుడు లేదు. సభలకు పిలిచేవాళ్ళూ తగ్గారు.

ఈ ల్యాబులో అమ్మాయి రబ్బరు పట్టీ బిగించింది.

"ఆగమ్మా. పొద్దుగాల చాయ్‌ల రెండు బిస్కెట్లు తిన్న. అలవాటు."

"గంతేనా సార్? ఏం గాదు."

"అయితదమ్మా. ఎవలొచ్చినా ముందుగాల అడుగు."

చొక్కా చేయి దించుకుని లేచాను. మెట్లు దిగుతుంటే మోకాళ్ళు కలుక్కుమన్నాయి. రేపు మళ్ళీ ఎక్కాలి, ఖాళీ కడుపుతో.