బతుకమ్మ ఎక్కని పువ్వు

మా తమ్ముడి భార్య తన కూతురికి పియోనీ అని పేరు పెడతానన్నప్పుడు, జనగామలోని మా ఇంట్లో మొదట లేచిన ప్రశ్న ఆ పువ్వును బతుకమ్మలో పేర్చవచ్చా అని. అడిగింది మా నాయనమ్మ. ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలుస్తాం. తంగేడు, గునుగు, బంతి, చివరికి పొలం గట్టు మీది గడ్డిపువ్వు కూడా ఆమె దృష్టిలో పువ్వే. బతుకమ్మ ఎక్కనిది మాత్రం పువ్వు కాదు.

మరదలు ఫోన్‌లో బొమ్మ చూపించింది. రేకు మీద రేకు కిక్కిరిసిన గులాబీ రంగు పువ్వు. చలి ప్రాంతాల్లో తప్ప పూయదట. కడుపుతో ఉన్నన్నాళ్ళూ మహబూబాబాద్‌లో పుట్టింట్లో పడుకుని ఆ బొమ్మే చూస్తూ గడిపింది పిచ్చిది. ఆ పేరు పెట్టకపోతే ఆమె ఏడుస్తుంది. పెడితే తొట్టెల దగ్గరికే రానని అవ్వ తేల్చేసింది. పాప చెవిలో పేరు చెప్పాల్సిన మేనత్తను నేను. ఎటు చెప్పినా ఒకరు నాతో మాట్లాడరు.

పాప పుట్టిన ఇరవై ఒకటో రోజు, తొట్టెల వేడుక నాడు పొద్దున, అలిగి మూల కూర్చోవాల్సిన అవ్వ, వంటవాళ్ళు పప్పు మాడుస్తారేమోనని పెద్ద గిన్నె దించబోయింది. నడుం పట్టేసింది. చాప మీద బోర్లా పడుకుని, పేరు పెట్టకముందే ఆ దిక్కుమాలిన పువ్వు తన నడుం విరిచిందని తిట్లు అందుకుంది.

మరదలి కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఒళ్ళు మండింది. అవ్వ పక్కన కూలబడి, అది ఊరికే పెట్టిన పేరు కాదని, గ్రీకుల కథల్లో దేవతలకు వైద్యం చేసినవాడి పేరని, చివరికి వాడే ఆ పువ్వయ్యాడని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

అవ్వ తిట్టడం ఆపింది.

"దేవుండ్ల డాక్టరా?"

"ఔ అవ్వా."

"పోరి కాళ్ళతోటే పుట్టింది గదా?"

నిజమే. కాళ్ళు ముందు వస్తున్నాయనే దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు అందరూ నమ్ముతారు.

"జర తీస్కరా బిడ్డా."

పాపను చంకల కింద పట్టుకుని, ఆ బుల్లి పాదాలను అవ్వ నడుముకు ఆనించాను. పాప తన్నలేదు, తడిపింది. అయినా కాసేపటికి అవ్వ లేచి కూర్చుంది. పప్పు మాడు వాసన తగిలి లేచిందని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. నేను మాత్రం ఆలస్యం చేయకుండా పాప చెవిలో పియోనీ అని చెప్పేశాను. అవ్వ అడ్డు చెప్పలేదు.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు మరదలు రంగు కాగితంతో పియోనీ చేసి, భయపడుతూనే తెచ్చింది. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గునుగు వరసలో సందు చేసి పెట్టింది. మరదలు మురిసిపోయింది. నాకూ గుండె నిండినట్టయింది.

చెరువు దగ్గర బతుకమ్మను నీళ్ళలో వదిలే ముందు, అవ్వ ఆ కాగితం పువ్వును మెల్లగా లాగి నడుం దగ్గర చీరలో దోపుకుంది.

"కడమ పువ్వులు నీళ్ళల్ల పోనీ. గిది డాక్టర్ పువ్వు, ఇంట్ల ఉండాలె."