దిగుడుబావిలో ఎర్ర సముద్రం

ప్రాణం పోయేంత లోతులో మునిగి, ఊపిరి కోసం కొట్టుకుని, తెలిసిన దేవుళ్లకూ తెలియని దేవుళ్లకూ మొక్కుకుని, చివరికి పరువు ఒక్కటే పోగొట్టుకుని బయటపడిన ఆడది మన అనంతపురం జిల్లాలో ఎవరైనా ఉన్నారా అని అడిగితే నేను చెయ్యెత్తుతాను. ఇంకెవరైనా ఎత్తితే వాదనకు సిద్ధం.

అరవైల మొదట్లో సంగతి. బి.ఏ. చదువు ముగించుకుని ధర్మవరంలో మా ఇంటికి వచ్చాను. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. సముద్రం చూసిన ముఖం కాదు నాది. ఆ మాటకొస్తే గట్టి వాన చూసిన ముఖమూ అంతంతమాత్రమే. కానీ కాలేజీ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక చేతికి దొరికింది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగున తిరిగే మనుషుల బొమ్మలు అందులో ఉన్నాయి. ఎర్ర సముద్రంలో రంగురంగుల పగడాలు, ఆస్ట్రేలియా ఒడ్డు పొడవునా పగడపు దిబ్బలు, బహామాస్ దగ్గర అద్దంలాంటి నీళ్లు, మధ్యధరా అడుగున ఎప్పుడో మునిగిన ఓడలు. ప్రపంచంలో మునగడానికి ఇంతకు మించిన చోట్లు లేవని ఆ పత్రిక చెప్పింది, నేను నమ్మాను. ఇంటికొచ్చాక ఎవరు దొరికితే వాళ్లను ఆ నాలుగు చోట్లకూ తీసుకుపోయి ముంచి తీసేదాన్ని.

సరిగ్గా అప్పుడే హిందూపురం ఆడపిల్లల బళ్లో భూగోళం చెప్పే ఉద్యోగం వచ్చింది. సరిగ్గా అప్పుడే పెనుకొండ నుంచి మా మేనత్త కూడా వచ్చింది, నన్ను కోడలిగా చేసుకుపోదామని. బావ మంచివాడే. పెనుకొండా మంచి ఊరే. నాకు కావలసింది ఉద్యోగం. మా నాయన మాత్రం కూతురికీ అక్కకూ మధ్య మగ్గంలో దారం మోసే నాడెలాగా అటొకసారి ఇటొకసారి తిరుగుతున్నాడు.

ఒకరోజు అన్నాల దగ్గర నేను ఎర్ర సముద్రంలో సగం దిగి ఉన్నాను. అత్త చేతిలోని సంగటి ముద్ద చేతిలోనే ఆగింది.

"నీళ్లల్లో మనిషి గాలి పీల్చేదా? చేప కడుపున పుట్టినారా వాళ్లు?"

"గాలిని వీపుమీద మోసుకొని పోతారత్తా."

"గాలిని మూట కట్టినారంటప్పా, విన్నావా?" అని మా నాయన వైపు తిరిగింది. "చదివిస్తే ఇట్లయితాది. ఇంట్లోనే ఇన్ని కోతలు కోసే పిల్ల, రేపు బళ్లో పిల్లోళ్లకు ఏం చెప్తాది?"

ఆ మాట మిరపకాయ నమిలినట్టు తగిలింది. చేసి చూపిస్తానన్నాను. చేసి చూపించమంది. నాయన చెయ్యి కడుక్కుంటూ తీర్పు చెప్పాడు.

"నీళ్లల్లో గాలి పీల్చి చూపిస్తే హిందూపురం. లేకుంటే పెనుకొండ. మల్లా ఎవురూ నోరెత్తేది లేదు."

సిలిండరు ధర్మవరంలో యాడ దొరుకుతుంది? ముదిగుబ్బ బస్సుకు పనికిరాదని పారేసిన ట్యూబు ఒకటి తెప్పించాను. చిల్లులకు అతుకులు వేయించి, పంపు కొట్టించి, దాని మూతికి రబ్బరు గొట్టం తగిలించి, గాలి పోకుండా పట్టుదారంతో బిగించి చుట్టాను. మా ఇళ్లలో నడక రాకముందే ముడి వేయడం వస్తుంది. గొట్టాన్ని పళ్లతో నొక్కితే గాలి ఆగుతుంది, వదిలితే వస్తుంది. ఎర్ర సముద్రంవాళ్లకు ఇంతకంటే ఏం ఉందో మీరే చెప్పండి.

మరునాడు పొద్దున మా తోటలోని దిగుడుబావికి పోయాం. వెనకాలే సగం వీధి వచ్చింది. నేను కాలేజీకి పోయేనాటికి పైమెట్ల దాకా ఉండే నీళ్లు, ఇప్పుడు ఎన్ని మెట్లు దిగినా రావడం లేదు. అబ్బ, ఎంత లోతు బావి అని మురిసిపోయాను. భూగోళం చదివిన బుర్ర అది.

ట్యూబు వీపుకు కట్టుకుని, కొంగు బిగించి, నీళ్లమీద బోర్లా పడ్డాను. పడినదాన్ని పడినట్టే తేలాను. ఎంత తన్నుకున్నా అంగుళం కిందికి పోలేదు.

"ఇది మునగడం గాదు మే," అంది అత్త మెట్టుమీద కూర్చుని. "వడియాలు ఎండబెట్టినట్లుండాది."

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. మా మగ్గాల వెనక పడుగు దారాలు బిగువుగా నిలవడానికి ఇసుక సంచులు వేలాడదీస్తారు. ఇంటికి పరుగెత్తి, ఉన్న సంచులన్నీ విప్పించి తెచ్చాను. సగం నేసిన పెళ్లిచీర పడుగు కాస్తా అలిగిన పెళ్లికూతురిలా వాలిపోయింది. అది తర్వాతి సంగతి. సంచులు నడుము చుట్టూ కట్టుకుని మళ్లీ పడ్డాను. ఈసారి రోకలి పడినట్టు పోయాను.

కళ్లు గట్టిగా మూసుకున్నాను కాబట్టి ఏం చూశానో చెప్పలేను. కానీ గాలి వచ్చింది. రబ్బరు కంపుతో, ముదిగుబ్బ దుమ్ముతో వచ్చింది. పీల్చాను, వదిలాను, మళ్లీ పీల్చాను. మోకాళ్లకు బురద తగలగానే ఎర్ర సముద్రం అడుగు ముట్టాననుకున్నాను. ఆ ఊపులో ఆస్ట్రేలియా పోయాను, బహామాస్ చుట్టాను, మధ్యధరా మలుపు తిరిగేసరికి గాలి అయిపోయింది.

ఇక్కడ కాస్త శాస్త్రం వినండి. నన్ను తేల్చేది ట్యూబులో గాలి. ఆ గాలి నేను తాగేశాను. మిగిలింది ఇసుక. అది నన్ను బురదకు కుట్టేసింది. కాళ్లూ చేతులూ కొట్టాను. కదిరి నరసింహస్వామికి మొక్కాను, పెనుకొండ ఆంజనేయస్వామికి మొక్కాను, చివరికి బతికి బయటపడితే బావనే చేసుకుంటానని కూడా మొక్కాను.

అప్పుడు ఎవరో జడ పట్టుకుని తల పైకెత్తారు. నాయన గొంతు చెవి పక్కనే వినపడింది.

"పాపా, లేసి నిలబడు."

నిలబడ్డాను. నీళ్లు నడుముకు వచ్చాయి.

గట్టుమీద సగం వీధి నవ్విన నవ్వు బుక్కపట్నం దాకా వినపడి ఉంటుంది. అత్త కళ్లు తుడుచుకుంటూ, "నడుములోతుకు ఇంత గోలా? మూట కట్టుకో మే, పెనుకొండకు పోదాం," అంది.

నోట్లో బురద ఉమ్మేశాను. మొక్కులన్నీ దాంతోపాటే పోయాయి.

"లోతు మాట పందెంలో యాడుండాది అత్తా? నీళ్లల్లో గాలి పీల్చమన్నాడు నాయన. ఇవి నీళ్లా కాదా? నా తల వీటి కింద ఉండెనా లేదా? గాలి పీల్చినానా లేదా?"

"బావి నిండా నీళ్లుంటే గదా..."

"వాన కురిపించే పూచీ నాది కాదు."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. తల మీద పాచి, ముఖం నిండా బురద, నడుముకు ఇసుక సంచులు, అయినా ఆగని నోరు. ఆ నోటితో జీవితాంతం ఒకే వంటింట్లో ఉండటం ఎలా ఉంటుందో ఆమె కళ్లముందు కదిలినట్టుంది. తమ్ముడి వైపు తిరిగింది.

"ఏమప్పా, పాపను హిందూపురమే పంపు. నా కొడుకు మెత్తనోడు."

ఇంటికి వస్తూ, నీళ్లు అంతే ఉన్నాయని ముందే తెలుసా అని నాయనను అడిగాను. తెలియకుండా కన్నబిడ్డను దింపుతానా అన్నాడు. మరి చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్తే ఇంటావా? వాదిస్తావు గానీ."

ఆ జూన్‌లోనే హిందూపురంలో చేరాను. పటం మీద పగడపు దిబ్బలు చూపించిన ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల లేచి, మీరు ఎప్పుడన్నా మునిగినారా టీచరమ్మా అని అడుగుతుంది. మునిగాను అంటాను. ఎంత లోతు అంటుంది. లోతు సిలబస్‌లో లేదు, కూర్చో అంటాను.

కనుక పాఠకులందరి సాక్షిగా ఇదే నా ప్రమాణం. ఇకమీదట ఎంతటి మహాసముద్రంలో మునిగి ప్రాణం పోతున్నట్టు అనిపించినా, దేవుళ్లను పిలవను, బావ పేరు అసలే ఎత్తను. ముందు ఒకసారి లేచి నిలబడి చూస్తాను.