మా అన్నయ్య గాలి లెక్క

మా అన్నయ్యకి మనుషుల మాట మీద నమ్మకం తక్కువ, గాలి మీద ఎక్కువ. ఎగతాళికి అనడం లేదు. పదకొండేళ్ళు బస్సు డిపోలో తలుపులు తెరిచి మూసే గాలి సిలిండర్లు బాగుచేసి చేసి మనిషి అలా తయారయ్యాడు. ఇంట్లో కుక్కరు కూత పెట్టినా "వాషరు పోతోంది, వినబడట్లేదా?" అంటాడు. డిపో వదిలేసి, కొండల మీద తొక్కే సైకిళ్ళ షాపు పెడతానన్నప్పుడు "పంక్చర్లు వేసుకు బతుకుతావా?" అని అందరికంటే ముందు మూతి విరిచింది నేనే. ఇప్పుడు ఆ షాపు కౌంటర్లోనే కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నాను. ఏం చేస్తాం!

అతని దగ్గరికి పంక్చర్లకి ఎవరూ రారు. సీటు కింద, ఫ్రేము మధ్యలో జానెడు గొట్టం ఒకటి ఉంటుంది, వెనక షాకు అంటారు, దాని కోసం వస్తారు. దాన్లో స్ప్రింగు ఉండదు, ఉత్త గాలే. బండి రాయి మీంచి దూకితే ఆ గాలే నలిగి మనిషి నడుము కాపాడుతుంది. ఎంత గాలి పట్టాలన్నది ఎక్కేవాడి బరువును బట్టి. తంటా అంతా ఇక్కడే. ఒక్కడూ నిజం చెప్పడు! ఎనభై ఎనిమిది కిలోలున్న పెద్దమనిషి పొట్ట లోపలికి పీల్చి మరీ "ఎనభై లోపే" అంటాడు.

అన్నయ్య వాదించడు. హెల్మెట్టు, బూట్లు, నీళ్ళ సంచీ అన్నీ తగిలించి, గోడ పట్టుకుని బండెక్కి కూర్చోమంటాడు. షాకు కడ్డీ మీద సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. మనిషి కూర్చునుండగానే దాన్ని, కడ్డీ గొట్టంలోకి దూరే చోట ఉండే సీలుకి ఆనేదాకా తోసి, "ఇప్పుడు దిగు, ఊపకు, పిల్లిలా దిగు" అంటాడు. దిగాక రింగు సీలుకి ఎంత దూరంలో మిగిలితే షాకు అంత కుంగినట్టు. యాభై మిల్లీమీటర్ల కడ్డీ పదిహేను కుంగితే సరి. ఎక్కువ కుంగితే గాలి ఎక్కిస్తాడు, తక్కువ కుంగితే తీస్తాడు. రింగుకి మొహమాటం లేదంటాడు.

పంపు విప్పగానే తుస్సుమంటే "అయ్యో, గాలి పోయింది!" అని గుండెలు బాదుకునేవాళ్ళుంటారు. అది పంపు గొట్టంలో మిగిలిన గాలి, షాకులోది కాదు. ఈ ముక్క వెయ్యిసార్లు చెప్పుంటాడు. నీళ్ళ పైపు పెట్టి కొట్టొద్దు, పసిపిల్ల మూతి తుడిచినట్టు గుడ్డతో తుడవండి అని ఇంకో వెయ్యిసార్లు. వింటే కదా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అతనికి ఒక్కతే కూతురు, పంతొమ్మిదేళ్ళది. మేం టపాకాయ అంటాం, నిప్పు తగలక్కర్లేదు, చూస్తే చాలు పేలుతుంది. సైకిలు క్లబ్బు తరఫున కొండ పోటీల్లో తొక్కుతుంది. దాని షాకుకి గాలి నూట యాభై పౌన్లు. రెండేళ్ళుగా అదే లెక్క, అదే పదిహేను మిల్లీమీటర్లు.

మొన్న వేసవి చివర్లో ఆ పదిహేను కాస్తా పద్నాలుగయింది. అన్నయ్య గాలి నూట నలభై మూడుకి దించాడు. ఇంకో నెలకి మళ్ళీ తగ్గింది, నూట ముప్పై ఏడుకి దించాడు. తర్వాత అదీ చాలలేదు. "ఒక్క మిల్లీమీటరుకి ఏమిటి గోల?" అన్నాను. నావైపు ఎలా చూశాడంటే, ఆ చూపుకి నేను మాడి మసైపోవాల్సింది.

ముందు పంపు మీటరు మీద అనుమానపడ్డాడు. ఇంకో పంపు పెట్టి చూశాడు, అదీ అదే చెప్పింది. లోపల సీళ్ళు ఎండి పట్టేస్తున్నాయేమో అనుకున్నాడు. గాలంతా తీసేసి, గాలి డబ్బా మర విప్పి, పాత గ్రీజు తుడిచి, సీళ్ళన్నీ కొత్తవి వేశాడు. మళ్ళీ బిగించి యాభై పౌన్లు ఎక్కించడం, ఆగి సీటు మీద బరువు వేసి నొక్కడం, లోపలి రెండు గదుల్లోకీ గాలి సర్దుకున్నాక ఇంకో యాభై. అలా నూట యాభైకి తెచ్చాడు. ఒక రోజు పని అయింది. ఆఖరికి తనే బండెక్కి కూర్చున్నాడు. నోటుపుస్తకంలో పోయినేడు ఇదే షాకు మీద, ఇదే గాలితో తను కూర్చుని రాసుకున్న అంకె ఉంది. రింగు సరిగ్గా ఆ అంకె దగ్గరే ఆగింది.

చేతులు తుడుచుకుంటూ కౌంటరు దగ్గరికొచ్చాడు. "షాకు బాగానే ఉంది," అన్నాడు. "పిల్ల సరిగ్గా తింటోందా?"

"ఇంట్లో తినే వస్తున్నానంటుందిగా," అన్నాను.

అన్నానే గానీ అది తినడం నేను కళ్ళతో చూసింది లేదు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి, సిగ్గైనా సరే. వదినకీ నాకూ అప్పటికి మాటల్లేక మూడు నెలలు. పాలగిన్నె నేను మాడ్చానని ఆవిడ, తను మాడ్చి నా నెత్తిన రుద్దిందని నేను. ఒకే ఇంట్లో ఉంటూ ఆవిడ వంటింట్లో ఉంటే నేను వరండాలో. ఆరోజు ఆ పంతం గంగలో కలిపి ఫోన్ చేశాను.

"ఇంట్లో ఎక్కడ తింటోంది?" అంది వదిన. "షాపులో అత్తతో తిన్నాను, కడుపు నిండుగా ఉందంటోంది రోజూ. నీతో మాట్లాడనుగా, నిన్నెలా అడగను?"

 మా మూతి విరుపుల మధ్య పిల్ల ఎండిపోయింది. వదులు చొక్కాలు వేసుకుంటుంటే ఫ్యాషనేమో అనుకున్నాను. కళ్ళు పెట్టుకుని ఏం చూస్తున్నానో నేను!

ఆదివారం పోటీ. శుక్రవారం పొద్దున టపాకాయ పూర్తి సరంజామాతో దిగింది. "కొత్త సీళ్ళు వేశావటగా, చూడు నాన్నా," అని తనే బండెక్కింది. దిగాక చూస్తే పదిహేను, చెక్కుచెదరకుండా పదిహేను. నేను హమ్మయ్య అనుకున్నాను. అన్నయ్య మాత్రం దాని వీపు మీద సంచీ పట్టుకుని పైకెత్తాడు. ఆ బరువుకి అతని చెయ్యి కిందికి లాగేసింది. విప్పితే లోపల రెండు ఇనప గొలుసు తాళాలు.

"నన్ను మోసం చేశావు, సరే. షాకునెందుకే మోసం చేస్తావు? అది నీకేం పాపం చేసింది?" అన్నాడు.

పార్శిళ్ళు తూచే కాటా ముందుకి లాగి ఎక్కమన్నాడు. ఎక్కనంది. నేను నోరు చేసుకున్నాను. ఎక్కింది. యాభై ఒకటి. పోయినేడు యాభై ఎనిమిది.

"నువ్వే కదా అన్నావు!" అని అరిచింది.

"నేనేమన్నాను?"

"పోటీలో నేను నాలుగోదాన్నొచ్చిన రోజు. కార్లో. ఇంకో నాలుగు కిలోలు తగ్గితే ఆ ఎక్కుడు మీద నిన్ను పట్టుకునేవాడు ఉండడు అన్నావు. అత్త నవ్వింది కూడా."

అన్నయ్య మొహం చూస్తే తెలుస్తోంది, ఒక్క ముక్క గుర్తులేదు. నాకుంది. నవ్వాను. వెనక సీట్లో కూర్చుని, పల్లీలు నములుతూ, పెద్ద జోకు విన్నట్టు నవ్వాను. నా నోరు పడిపోను.

"నాలుగు తగ్గాను, బాగా ఎక్కాను," అంది. "అందుకని ఇంకో మూడు."

"ఇంకా బాగా ఎక్కావా?"

అది కాటా దిగి హెల్మెట్టు పట్టీ బిగించుకోవడం మొదలెట్టింది.

"అనే ఉంటానమ్మా," అన్నాడు అన్నయ్య. "తప్పు మాట. నాకు షాకుల గురించి తెలుసుగానీ ఆ మాట అనేంత తెలీదు. సోమవారం డాక్టరు దగ్గరికెళ్దాం, నేనూ వస్తాను. ఆదివారం పోటీ మాత్రం లేదు." వంగి షాకు వాల్వు నొక్కాడు. గాలి అంతా పోయేదాకా వేలు తియ్యలేదు. బండి వెనక భాగం కుదేలయింది.

"నేనే ఎక్కించుకుంటా!" అని పంపు లాక్కుంది. పంపు పట్టడం దానికి కొత్తా? పదేళ్ళప్పుడే నేర్పాడు. పోటీకి ముందు కబుర్లు చెబుతూ చెబుతూ నూట యాభై కొట్టేసేది, మధ్యలో నన్ను వెక్కిరించడానికి కూడా ఊపిరి మిగిలేది.

వాల్వుకి పంపు బిగించింది. యాభై దాకా బాగానే కొట్టింది. లేచి సీటు మీద వాలి నొక్కింది, మళ్ళీ కూర్చుంది. డెబ్భై దగ్గర పిడి రెండు చేతులతో పట్టుకుంది. ఎనభై దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. నేను వెళ్ళబోతే అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.  అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అంత మనిషి ఏడవగా నేను చూడ్డం అదే మొదలు.

తొంభై. ఇంకో నాలుగు దెబ్బలు కొట్టింది, ముల్లు తొంభై రెండు దాటలేదు. ఐదోసారి పిడి కిందికి దిగనే లేదు. మీద పడి నొక్కింది. మోచేతులు వణికి పక్కకి జారిపోయాయి. పంపు వదిలేసి అక్కడే, గ్రీజు మరకల నేల మీద చతికిలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చాలాసేపు మీటరు వంకే చూసింది.

"నాన్నా," అంది చివరికి, తల ఎత్తకుండానే. "ఆకలేస్తోంది. ఎప్పట్నుంచో వేస్తోంది."